గాంధీ తాత పుస్తకం, అరుణ చేతిరాత

మార్చి నెల మొదటి వారంలో వరసగా రెండు రోజులు సోమక్క పెరుగు తేలేదు. మూడో రోజు సాయంత్రం వచ్చింది కానీ నెత్తిన పెరుగు దుత్త లేదు. కుడి చేయి పాతచీర పేలికతో మెడకు కట్టి ఉంది. పెరటి వాకిట్లోనే నిలబడి, చుట్టూ ఒకసారి చూసి, లోపలికి వినపడీ వినపడనట్టుగా పిలిచింది.

"రాజేశ్వరమ్మా, పుస్తకం దొరికిపోయింది."

రాజేశ్వరి చేతిలోని చేట కింద పెట్టింది. పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్న పదకొండేళ్ళ అరుణ తలెత్తి చూసింది. అది అత్త కూర్చిన పుస్తకమే అయినా, దొరికిన ఆ నకలులో ప్రతి అక్షరం రాసింది అరుణే.

రాజేశ్వరి అరుణకు మేనత్త. ఇరవై ఏళ్ళకే భర్త పోతే హనుమకొండలో అన్న కిషన్ రావు ఇంటికి వచ్చేసింది. తల్లి లేని అరుణను ఐదేళ్ళప్పటి నుంచి పెంచింది ఆమే. కిషన్ రావుకు చౌరస్తాలో ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది.

జనవరి నెలాఖరులో ఢిల్లీలో గాంధీని కాల్చి చంపారన్న వార్త వచ్చినప్పుడు పెద్దవాళ్ళు పొయ్యి వెలిగించలేదు. పిల్లలకు ఎందుకో అర్థం కాలేదు. నిజాం రాజ్యంలో వాళ్ళు చదివే ఉర్దూ పుస్తకాల్లో ఆయన పేరే లేదు. "ఆయన మనకు చుట్టమా అత్తమ్మా?" అని అరుణ అడిగింది. ఆ మాటకు జవాబుగా రాజేశ్వరి పది రోజులు కూర్చుని ఇరవై నాలుగు పేజీల పుస్తకం రాసింది. చిన్నప్పుడు చీకటంటే భయపడ్డ పిల్లవాడు, టిక్కెట్టు ఉండీ రైలు పెట్టెలోంచి తోసివేయబడ్డ వకీలు, గుప్పెడు ఉప్పు కోసం ఇరవై నాలుగు రోజులు నడిచిన మనిషి, కొట్టుకుచచ్చే ఊళ్ళ మధ్య చెప్పులు లేకుండా తిరిగిన ముసలాయన, అందరూ అందులో ఒక్కరే. అట్టమీద మూడు రంగుల జెండా వేసింది. చివరి పేజీలో, "మన హైదరాబాదు కూడా ఆ దేశంలో కలిసే రోజు వస్తుంది" అని ఒక మాట చేర్చింది. ఆ జెండా, ఆ మాట, రెండింట్లో ఏ ఒక్కటైనా జైలుకు పంపడానికి చాలిన రోజులవి.

అరుణ దానికి ఐదు నకళ్ళు తీసింది. అందులో ఒకటి, కొత్తగా అక్షరాలు నేర్చుకుంటున్న కూతురి కోసం సోమక్క తన ఊరు ధర్మసాగరానికి తీసుకుపోయింది.

"ఊరి బయట పోలీసు నాకా కాడ సిపాయిలు గంప దులిపిండ్రు. ఉప్పు మూట కింద దొరికింది," అన్నది సోమక్క. "ఎవలిచ్చిండ్రని అడిగిండ్రు. బాట మీద దొరికింది, పొయ్యిల కాయితానికైతదని తీసిన అని చెప్పిన. రెండు దినాలు ఠాణల కూసోబెట్టిండ్రు."

"చెయ్యికేమైంది?"

"ఏమైతది. అడిగినకొద్ది గదే మాట చెప్పిన. ఆళ్లు గదే చేతి మీద కొట్టిండ్రు." సోమక్క అరుణ వంక చూసి, మళ్ళీ రాజేశ్వరితో అన్నది. "ఆళ్లల్ల తెలుగు సదివేటోడు ఒకడున్నడు. రాత జూసి, ఇది బడికి పోయే పోరల రాత అన్నడు. నేను పెరుగమ్మే వాడల ఏం బడి ఉన్నదని అడుగుతాండు. జర పైలం."

సోమక్క వెళ్ళిన తరువాత కిషన్ రావు దుకాణం నుంచి వచ్చాడు. సంగతి విని అరవలేదు, తిట్టలేదు. రాజేశ్వరి పెట్టెలోంచి ఆమె రాసిన పుస్తకం, మిగిలిన నకళ్ళు తీసి నీళ్ళ కాగు కింద మంటలో ఒక్కొక్కటే వేశాడు. అన్నీ బూడిదయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

"నేను ఠాణకు పోయి నేనే రాసిన్నని చెప్తనన్నా," అన్నది రాజేశ్వరి.

"పో. రాత నీది కాదు గద. మరెవరిదని అడుగుతరు. ఏం చెప్తవ్?"

కిషన్ రావు కూతురిని దగ్గరికి పిలిచాడు.

"బడి మానేస్తే అనుమానమొస్తది. రోజు లెక్కనే పో. ఎవరేమడిగినా నాకెరుక లేదను. సమజైందా?"

అరుణ అత్త వంక చూసింది. ఇన్నేళ్ళుగా నిజమే చెప్పాలని నేర్పింది అత్త. ఇప్పుడు ఆమె తల దించుకుని అన్నది. "మీ నాయిన చెప్పినట్టు జెయ్ బిడ్డా. ఇది పిల్లలు మోసే బరువు గాదు."

పోలీసుల సంగతి కంటే ఆ మాటే అరుణను ఎక్కువ భయపెట్టింది.

రెండు రోజుల తరువాత, మధ్యాహ్నం ఆటవిడుపు అయి అమ్మాయిలు చాపల మీద కూర్చోగానే పోలీసు అమీను తరగతిలోకి వచ్చాడు. వెంట ఇద్దరు జవాన్లు. అందులో ఒకడి చేతిలో అరుణ రాసిన నకలు ఉంది. అట్ట మీది జెండా సగం చిరిగిపోయింది.

పాఠం చెబుతున్న జెహ్రా ఉస్తానీ లేచి నిలబడింది. ఆమె హనుమకొండలోనే పుట్టి పెరిగింది. ఉర్దూ చెప్పినా పిల్లలతో తెలుగులోనే మాట్లాడేది, ఎవరి తెలుగు రాత ఎట్లా ఉంటుందో కూడా ఎరుగును.

"భయపడకుండ్రి," అన్నాడు అమీను పిల్లలతో, మెల్లగానే. "మా వాడు ఒక లైన్ చదువుతడు. అందరు రాయుండ్రి. రాసినోళ్లు ఇంటికి పోవచ్చు."

ఒక్కొక్కరికి అర కాగితం పంచారు. తెలుగు వచ్చిన జవాను గొంతు సవరించుకుని చదివాడు. "సముద్రపు ఒడ్డున వంగి గుప్పెడు ఉప్పు తీశాడు."

ఆ వాక్యం నిండా కొమ్ములే. అరుణ కొమ్ము రాస్తే అది కింది గీత దాటి గేదె కొమ్ములా మెలి తిరిగేది. సోమక్క కూడా చూసి నవ్వేది. ఈ ఊళ్ళో అలా రాసేవాళ్ళు ఇంకొకరు లేరని అరుణ అనుకునేది.

కలం పట్టుకుంది కానీ చెయ్యి కదలలేదు. పుస్తకం మూడో పేజీ గుర్తొచ్చింది. గాంధీ తాత చదివే బడికి ఇన్‌స్పెక్టరు వచ్చి ఐదు ఇంగ్లీషు మాటలు రాయమన్నాడు. ఆ పిల్లవాడు ఒకటి తప్పు రాశాడు. పక్కవాడిది చూసి దిద్దుకోమని పంతులు బూటుతో తట్టాడు. అయినా దిద్దుకోలేదు. ఆ పేజీ నకలు తీస్తున్నప్పుడు, అదేమంత గొప్ప అనుకున్నది అరుణ. దిద్దుకోకుండా ఉండటం ఏం కష్టం?

జెహ్రా ఉస్తానీ వరసల మధ్య నడుస్తూ వచ్చి ఆమె పక్కన ఆగింది. కాలి బొటనవేలితో అరుణ పాదాన్ని తొక్కింది. వంగి, కింద పడ్డ కాగితం తీస్తున్నట్టుగా, "కొమ్ములు చిన్నగ రాయి బేటీ," అని గొణిగి ముందుకు వెళ్ళింది.

అరుణ కొమ్ములు చిన్నగా రాసింది. ఒక్కొక్కటి చీమ తలంత. తన చేతిరాత తనకే ఎవరిదోలా కనిపించింది. కాగితం ఇచ్చేసి కూర్చుంది.

అమీను కాగితాలు ఒక్కొక్కటే నకలు పక్కన పెట్టి చూస్తున్నాడు. అరుణ కాగితం వచ్చింది. చూశాడు. పక్కన పెట్టేశాడు. ఇంకా నాలుగు చూశాడు. ఐదోది చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

"సారలమ్మ ఎవరు?"

సారలమ్మ తండ్రి బట్టల మిల్లులో కూలి. ఆ పిల్లకు బడి వరండాలో తెలుగు అక్షరాలు దిద్దించింది అరుణే. నేర్పినామె ఎట్లా రాస్తే నేర్చుకున్నామె అట్లాగే రాసింది, కొమ్ములతో సహా. ఈ పుస్తకమేమిటో సారలమ్మకు తెలియదు. దాన్ని ఎప్పుడూ చూడను కూడా చూడలేదు.

అమీను ఆమె మణికట్టు పట్టుకుని లేపాడు. "ఇది నువ్వే రాసినవ్. ఎవరు రాయించిండ్రు?"

సారలమ్మకు ఏడుపు కూడా రాలేదు. నోరు తెరిచి నిలబడిపోయింది. ఆమె లంగా తడిసి, నీళ్ళు చాప మీద పాకి అరుణ మోకాలి దగ్గరికి వచ్చాయి.

అరుణ లేచి నిలబడింది. లేవాలని అనుకున్నట్టు ఆమెకు గుర్తు లేదు.

"అది సారలమ్మ రాసింది గాదు సార్. నేను రాసిన."

"నీ కాగితం చూసిన. కూసో."

"కాగితంల మార్చి రాసిన. బోర్డు మీద రాసి చూపిస్త."

జెహ్రా ఉస్తానీ కళ్ళు మూసుకున్నది. అరుణ నల్లబల్ల దగ్గరికి నడిచి, సుద్దముక్కతో ఆ వాక్యాన్ని తన మామూలు చేత్తో రాసింది. కొమ్ములు కిందికి దిగి మెలితిరిగాయి. అమీను నకలునూ బల్లనూ మార్చి మార్చి చూసి, సారలమ్మ చెయ్యి వదిలేశాడు.

"ఇది చిన్నపిల్లల మాటలు గాదు. ఎవరు చెప్పి రాయించిండ్రు? నీకు ఎరుక లేదా?"

లేదు అంటే చాలు. తండ్రి చెప్పిన మాటనే అమీను తన నోటితో అందిస్తున్నాడు.

"ఎరుకే," అన్నది అరుణ. "కానీ చెప్ప."

"చెప్పకపోతే ఏమైతదో ఎరుకేనా?"

మెడకు కట్టుకున్న సోమక్క చేయి కళ్ళముందు కదిలింది. అత్త పేరు బయటికి రాకుండా పెదవి కొరుక్కుని, "అది గూడ ఎరుకే," అన్నది.

జవాను ఆమె రెక్క పట్టుకున్నాడు. జెహ్రా ఉస్తానీ గోడకు తగిలించిన బురఖా తీసి వేసుకున్నది. "నా జమాత్ల చదివే పిల్ల. ఒంటిగ పంపియ్య. నేను గూడ వస్త," అన్నది. అమీను ఏదో ఉర్దూలో కసిరాడు. ఆమె జవాను చేతిని విడిపించి అరుణ చెయ్యి తను పట్టుకున్నది.

చౌరస్తా మీదుగా నడిపించారు. దుకాణాల్లోంచి అందరూ చూశారు. ఎవరూ కిందికి దిగలేదు. ఇత్తడి సామాన్ల దుకాణంలో కిషన్ రావు ఎవరికో బిందె చూపిస్తున్నాడు. అది చేతిలోంచి జారి, మెట్ల మీద పెద్ద చప్పుడుతో దొర్లింది.

ఠాణాలో గంటసేపు అరుణను నిలబెట్టి అడిగారు. అరుణ చెప్పలేదు. కొట్టడానికి ఒకడు బెత్తం తీస్తే ఉస్తానీ అడ్డం వచ్చింది. దుకాణం వదిలి వెనకే వచ్చిన కిషన్ రావు చేతులు జోడిస్తూనే ఉన్నాడు. ఇంతలో రాజేశ్వరి వచ్చింది. కొంగు నెత్తిమీద కప్పుకుని, బజారులో ఒంటరిగా నడిచి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఇల్లు దాటి ఒంటరిగా రావడం అదే మొదలు.

"పుస్తకం రాసింది నేను. జెండా వేసింది నేను. పిల్ల నకలు తీసిందంతే. దాన్ని వదలుండ్రి," అన్నది.

అమీను చాలాసేపు ఆమెను చూశాడు. పదకొండేళ్ళ పిల్లను ఠాణాలో పెట్టుకోవడం అతనికీ ఇష్టం లేనట్టే ఉంది. "తప్పైందని రాసియ్యి. ఇద్దరు ఇంటికి పోండ్రి," అన్నాడు.

"రాసియ్యి రాజీ," అన్నాడు కిషన్ రావు. "నీ కాళ్లు మొక్కుత."

"పిల్లలకు ఒక మంచి మనిషి ముచ్చట చెప్పిన. దాంట్ల తప్పేమున్నదన్నా, ఏమని రాయాలె?"

అరుణను వదిలేశారు. రాజేశ్వరిని వరంగల్ జైలుకు పంపారు.

ఆ తరువాత కిషన్ రావు కూతురితో మాట్లాడటం మానేశాడు. అన్నం తనే వండి పెట్టేవాడు, జడ వంకరటింకరగా తనే అల్లేవాడు, మాట మాత్రం లేదు. ఒకే ఒక్కసారి, తింటూ తింటూ, "నోరు మూసుకొని కూసుంటే అయిపోతుండె," అన్నాడు.

"సారలమ్మను తీస్కపోతుండె నాయినా."

అతను సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. సారలమ్మ బడికి రావడం లేదు. దారిలో కనిపిస్తే ముఖం తిప్పుకుని పోయేది.

మే నెలలో జైలులో చూడనిచ్చారు. రాజేశ్వరి సగమైపోయింది. చలిజ్వరంతో చేతులు వణుకుతున్నాయి. కటకటాల ఇవతల నిలబడి అరుణ అన్ని రోజులుగా దాచుకున్న మాట అడిగింది.

"నా వల్లనే గద అత్తమ్మా?"

"నువ్వు నా పేరు చెప్పలే. నా పేరు నేను చెప్పుకున్న. నీకు అబద్ధం చెప్పుమన్న సూడు, గదే నాకు ఇక్కడ నిద్ర పట్టనిస్తలేదు."

"సోమక్క గూడ అబద్ధమాడింది గద. ఆమెది తప్పేనా?"

"సోమక్క అబద్ధమాడి దెబ్బ తన మీదికి తీసుకున్నది. నేనైతే ఆమెను తప్పు పట్ట బిడ్డా. గాంధీ తాత ఏమంటుండెనో నాకు తెల్వది."

సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం రాజ్యం ముగిసింది. నిజాం కోసమంటూ ఊళ్ళ మీద పడ్డ రజాకార్లు కనబడకుండా పోయారు. చౌరస్తాలో మూడు రంగుల జెండా ఎగిరింది, జనం ఒకరి మీద ఒకరు రంగులు చల్లుకున్నారు. ఆ సంబరం మధ్యనే ఇంకొక గుసగుస మొదలైంది. ముస్లింల ఇళ్ళ తాళాలు పగలగొడుతున్నారని, ఇన్నాళ్ళు పడ్డదానికి బదులు తీర్చుకుంటున్నారని.

కిషన్ రావు మధ్యాహ్నమే దుకాణం మూసి వెనక గల్లీలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు జెహ్రా ఉస్తానీ, ఆమె ముసలి తల్లి వెంట ఉన్నారు. రాజేశ్వరి గది తలుపు తీసి చూపించి, "లోపట కూసోండ్రి," అన్నాడు. అరుణతో, "చాయ్ పెట్టు," అన్నాడు. ఆరు నెలల్లో కూతురితో అన్న రెండో మాట అది.

మర్నాడు పొద్దున ఐదుగురు కర్రలతో వచ్చారు. ముందున్నవాడు పక్క వీధి నూనె గానుగ యాదగిరి.

"సేటూ, మీ ఇంట్ల తురకోళ్లు దాగిండ్రట. నిజమేనా?"

అరుణ తండ్రి వెనక నిలబడి ఉంది. అతని మెడ మీద చెమట కారడం కనిపిస్తోంది. లేరని చెప్పు నాయినా అని మనసులో అనుకున్నది. ఆ క్షణం ఆమె నిజంగా అదే కోరుకున్నది.

"ఉన్నరు," అన్నాడు కిషన్ రావు. "ఉస్తానీ, వాళ్లమ్మ. బయటికి పంప."

"ఆళ్లు మనల్ని పెట్టిన గోస మర్చిపోయినవా? నీ చెల్లె ఇంక జైల్లనే ఉన్నది గద."

"ఉన్నది. నా బిడ్డను ఠాణకు గుంజుకపోయిన నాడు బజారంత చూసింది. నేను జూసిన. నువ్వు గూడ జూసినవ్ యాదగిరీ. చెయ్యి పట్టుకొని ఎంబడి నడిచింది ఆమె ఒక్కతే."

"జరుగు సేటూ," అన్నాడు వెనకున్నవాడు కర్ర ఎత్తి.

కిషన్ రావు గడప మీద కూర్చున్నాడు. అతనికి కొట్టడం చేతకాదు, జీవితంలో ఎవరినీ కొట్టలేదు. "నన్ను దాటుకొని పోండ్రి," అన్నాడు. అరుణ వచ్చి పక్కన కూర్చున్నది. అప్పుడే పెరుగు దుత్తతో వీధిలోకి వచ్చిన సోమక్క ఆగి, సంగతి అర్థం చేసుకుని, ఎడమ చేత్తో దుత్త దించి వాళ్ళ ముందు మెట్టు మీద కూర్చున్నది.

"నన్ను గూడ దాటాలె కొడుకా. నన్ను కొట్టినోళ్లెవలో నాకు ఎరుకే. లోపటున్నోళ్లు గాదు."

కర్ర ఎత్తినవాడు యాదగిరి వంక చూశాడు. యాదగిరి సోమక్క వంకరపోయిన చెయ్యి చూస్తున్నాడు. చివరికి యాదగిరి, "పాండ్రి," అన్నాడు. వెళుతూ ఒకడు వాకిట్లో ఉమ్మాడు. వాళ్ళు మూల తిరిగేదాకా కిషన్ రావు గడప మీంచి లేవలేదు. లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. అరుణ చెయ్యి అందించింది.

ఉస్తానీ, ఆమె తల్లి పన్నెండు రోజులు ఆ ఇంట్లో ఉన్నారు. రాజేశ్వరి విడుదలై వచ్చేసరికి ఆమె మంచం మీద ముసలామె నిద్రపోతోంది. జరిగిందంతా అరుణ చెబితే రాజేశ్వరి విని, వంటింట్లో ఉన్న అన్న దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"జైల్ల సరిగ తిండి పెట్టినట్టు లేదు," అన్నాడు కిషన్ రావు. "కూసో, అన్నం తిను."

రాజేశ్వరి పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుంచి రాసింది. ఈసారి ఉస్తానీ పక్కన కూర్చుని ఉర్దూలో రాసుకున్నది. గాంధీని చంపింది ఎవరని వాడలోని పిల్లలు అడిగితే రాజేశ్వరి, "మనోడే ఒకడు. ముందు దండం పెట్టి, తర్వాత కాల్చిండు," అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ మాట కూడా రాసింది.

దసరా సెలవుల్లో ఒకరోజు సారలమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. అరుణ చాప వేసింది. తను నకలు తీస్తున్న పుస్తకం పక్కకు జరిపి చోటిచ్చింది.

"నేను గూడ నకలు తీస్త," అన్నది సారలమ్మ. తరువాత పుస్తకం అట్ట మీద చెయ్యి పెట్టి అడిగింది. "ఇది రాస్తే ఎవరన్న పట్టుకపోతరా?"

"ఇప్పుడైతే పట్టుకపోరు," అన్నది అరుణ. "రేపటి ముచ్చట నాకు తెల్వది."

సారలమ్మ కలాన్ని సిరాలో ముంచింది.